తీపి వెనుక చేతులు

పాఠ్యభాగ ఉద్దేశం

ఆహారం ఆకలి తీర్చే పదార్థం మాత్రమే కాదు. ఒక జాతి చరిత్ర, శ్రమ, సంస్కారం అందులో ఇమిడి ఉంటాయి. మన పిండివంటలు, మిఠాయిలు ఎక్కడ పుట్టి, ఎవరి చేతులమీదుగా మనదాకా వచ్చాయో తెలియజేయడం, చేతిపనిపట్ల విద్యార్థులలో గౌరవభావాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని తీసుకొని, దాని పూర్వాపరాలను ఆధారాలతో వివరించి, చివరకు ఒక నిర్ణయానికి రావడం వ్యాసలక్షణం. హైదరాబాదు నగరంలోని నానక్‌రామ్‌గూడలో మొదలైన ఈ వ్యాసం ఓరుగల్లు, తిరుమలల మీదుగా స్పెయిన్ దేశపు దక్షిణసీమకు వెళ్ళి, తిరిగి మన గోదావరి తీరానికి చేరుతుంది.

పాఠ్యాంశం

ఆకలి తీరడానికి అన్నం చాలు. కాని మానవుడు అన్నంతో ఆగిపోలేదు. బిడ్డ పుట్టినా, పెళ్ళి కుదిరినా, పంట ఇంటికి వచ్చినా, పరీక్షలో నెగ్గినా నోరు తీపి చేయడం మన ఆచారం. సంక్రాంతికి అరిసెలు, ఉగాదికి బొబ్బట్లు, శ్రావణ శుక్రవారానికి పూర్ణం బూరెలు, పురుడు పోసుకున్న బాలింతరాలి పుట్టింటి సారెలో సున్నుండలు, ఇలా మన ఇళ్ళలో కాలానికీ, సందర్భానికీ తగిన తీపి ఒకటి ఏర్పడి ఉంది. ఒకప్పుడు ఇవన్నీ ఇంటి వంటశాలలోనే తయారయ్యేవి. ఇప్పుడు చాలావరకు అంగడి నుంచి వస్తున్నాయి. ఈ మార్పు ఎలా జరిగింది? దీనిలో మనం పొందినది ఏమిటి? పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది ఏమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం చేసే పని.

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, గోలకొండ కోటకు చేరువలో నానక్‌రామ్‌గూడ ఉంది. ఒకప్పుడు రాళ్ళగుట్టలు, తోటలు, పొలాలు కలిగిన చిన్న గ్రామం అది. 1998లో మాదాపురంలో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత సమాచార సాంకేతిక రంగం క్రమక్రమంగా ఇటువైపు విస్తరించింది. గ్రామం చుట్టూ అద్దాల మేడలు లేచాయి. 2019లో అమెజాన్ సంస్థ వేలాదిమంది ఉద్యోగులు పనిచేసే ప్రాంగణాన్ని ఇక్కడే ప్రారంభించింది. ఈ కార్యాలయాలలో పనిచేసే యువతీయువకులలో చాలామంది కోస్తా, రాయలసీమ, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చినవారు. పండుగకు ఊరు వెళ్ళలేనివారికి ఊరి తీపి అయినా కావాలి. అందుకే ఈ ప్రాంతపు మిఠాయి దుకాణాలలో ఆత్రేయపురం పూతరేకులు, కాకినాడ గొట్టం కాజాలు, తాపేశ్వరం మడతకాజాలు, బందరు లడ్డు పక్కపక్కనే కొలువుతీరి కనిపిస్తాయి. వందల మైళ్ళ దూరంలోని ఊళ్ళు ఒక్క అరలో చేరినట్లుంటుంది.

ఆ పెట్టెలను కొంచెం పరిశీలనగా చూస్తే ఒక సంగతి తోస్తుంది. పెట్టె మీద ఊరి పేరు ఉంటుంది. చేసిన చేతి పేరు ఉండదు. ఆ చేతుల కథ తెలుసుకోవాలంటే కొంత వెనుకకు వెళ్ళాలి.

నానక్‌రామ్‌గూడలో మేడలకంటె ఎంతో ముందునుంచి ఉన్నది రంగబాగ్‌లోని శ్రీరంగనాథస్వామి దేవాలయం. వైకుంఠ ఏకాదశినాడు ఇక్కడికి భక్తులు పెద్దసంఖ్యలో వస్తారు. వైష్ణవాలయాలలో ధనుర్మాసమంతా తిరుప్పావై పారాయణం జరుగుతుంది. ఇరవై ఏడవ పాశురం చదివే రోజున పాలు, బియ్యం, బెల్లం, నేయి కలిపి వండిన అక్కారవడిసల్ అనే మధురాన్నాన్ని నివేదించడం సంప్రదాయం. ఆ పాశురాలను గానం చేసిన గోదాదేవి కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా రచించాడు. ఆ ప్రబంధపు మొదటి ఆశ్వాసంలో విష్ణుచిత్తుడు ఏ ఋతువుకు తగిన భోజనాన్ని ఆ ఋతువులో అతిథులకు వడ్డించిన తీరు సాహిత్య విద్యార్థులకు సుపరిచితమైనదే. దేవునికి నివేదించినది మనుషులకు పంచడం, వచ్చినవారి ఆకలిని ఎరిగి వండడం అనే రెండు ధర్మాలూ మన పాకసంప్రదాయానికి మూలస్తంభాలు.

ఇంట్లో, గుడిలో పుట్టిన పిండివంట డబ్బుకు దొరికే వస్తువుగా ఎప్పుడు మారింది? ఈ మార్పు నేటిది కాదు. వినుకొండ వల్లభరాయుని పేర వెలసిన క్రీడాభిరామంలో ఓరుగల్లు నగరపు పూటకూళ్ళ ఇంటి వర్ణన ఉంది. ఒక రూక ఇస్తే అక్కడ దొరికే భోజనంలో అన్నం, పప్పు, నేయి, పెరుగులతోపాటు గోధుమపిండితో చేసిన వంట కూడా ఉందని కవి చెప్పాడు. అంటే కాకతీయుల రాజధానిలో బాటసారి రూక చెల్లించి పిండివంట తినగలిగేవాడన్నమాట. ఇటువంటి సాహిత్యాధారాలను ఏరి కూర్చి తెలుగువారి నిత్యజీవితాన్ని చిత్రించిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడింది. రాజుల యుద్ధాలే చరిత్ర కాదు, ప్రజలు ఏమి తిన్నారో, ఏమి కట్టుకున్నారో కూడా చరిత్రే అని ఆ గ్రంథం మనకు నేర్పింది.

పూటకూళ్ళ ఇంటిలో డబ్బుకు అన్నం పెట్టినట్లే, దేవాలయంలో తీపిని నిలబెట్టింది కూడా ఒక ఆర్థిక వ్యవస్థ. తిరుమల శాసనాలు దీనికి చక్కని సాక్ష్యం. రాజులు, రాణులు, అధికారులు, వర్తకులు గ్రామాలనో ధనాన్నో స్వామికి సమర్పించేవారు. ఆ రాబడితో ఏ రోజున ఏ ప్రసాదం నివేదించాలో శాసనంలో చెక్కించేవారు. నివేదన జరిగిన తరువాత ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందేది. అప్పాలు, అతిరసాలు, వడలు ఆ శాసనాలలో కనిపిస్తాయి. నేడు జగత్ప్రసిద్ధమైన లడ్డు ఆ పరంపరకు కొనసాగింపు. తిరుమలలో ప్రసాదాలు తయారయ్యే వంటశాలను ‘పోటు’ అంటారు. శనగపిండి, చక్కెర, నేయి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, ఏలకులు, కలకండ మొదలైనవి ఏవి ఎంత పడాలో నిర్ణయించే కొలతల పట్టికకు ‘దిట్టం’ అని పేరు. రోజూ లక్షల సంఖ్యలో లడ్డులు కట్టినా రుచి మారకుండా ఉండడానికి దిట్టమే ఆధారం. 2009లో తిరుపతి లడ్డుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. 2024లో నేతి నాణ్యతపై ఆరోపణలు వచ్చినప్పుడు దేశమంతటా కలవరం కలిగింది. సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ఏర్పాటు చేయించింది. ఒక తీపి వస్తువు విషయం అత్యున్నత న్యాయస్థానందాకా వెళ్ళిందంటే, భక్తులు దానిలో పెట్టుకున్న నమ్మకం ఎంతటిదో ఊహించవచ్చు. తినేవాడు వంటశాలలోకి తొంగిచూడలేడు. చూడని చేతిని నమ్మి నోట పెట్టుకుంటాడు. మిఠాయి వ్యాపారమంతా ఈ నమ్మకం మీదనే నిలిచి ఉంది.

చూడని చేతిని నమ్మడం అన్న మాటకు అక్షరాలా ఉదాహరణగా నిలిచే ఆచారం ఒకటి ఐరోపాఖండంలో ఉంది. స్పెయిన్ దేశపు దక్షిణభాగాన్ని అందలూసియా అంటారు. అక్కడి సెవిల్ మొదలైన నగరాలలో క్రైస్తవ సన్యాసినుల మఠాలు ఉన్నాయి. ఆ సన్యాసినులలో చాలామంది మఠం గోడలు దాటి బయటకు రాకుండా జీవిస్తారు. జీవనోపాధికి వారు మిఠాయిలు చేసి అమ్ముతారు. గోడలో గుండ్రంగా తిరిగే కొయ్య అర ఒకటి అమర్చి ఉంటుంది. దానిని ‘తోర్నో’ అంటారు. కొనేవారు గంట మోగించి, కావలసినది చెప్పి, అరలో డబ్బు పెడతారు. అర లోపలికి తిరుగుతుంది. మళ్ళీ తిరిగి బయటకు వచ్చేటప్పటికి అందులో మిఠాయి పెట్టె ఉంటుంది. ఇచ్చినవారి గొంతు వినిపిస్తుంది గాని ముఖం కనిపించదు. సెవిల్‌లోని శాన్ లేయాంద్రో మఠంలో గుడ్డు పచ్చసొన, చక్కెరలతో చేసే ‘యేమా’ అనే మిఠాయికి ఎంతో పేరు. హెరెస్ ప్రాంతంలో ద్రాక్షసారాయిని తేర్చడానికి గుడ్లలోని తెల్లసొనను వాడేవారనీ, మిగిలిన పచ్చసొన మఠాలకు చేరేదనీ, దానినుంచే ఇటువంటి మిఠాయిలెన్నో పుట్టాయనీ అక్కడివారు చెబుతారు. పారవేయవలసినదానిని రుచిగా మార్చుకోవడం ఏ దేశపు గృహిణికైనా తెలిసిన నేర్పే కదా!

1836లో స్పెయిన్ ప్రభుత్వం మఠాల భూములను స్వాధీనం చేసుకొని వేలం వేసింది. మాన్యాలు పోయిన మఠాలకు చేతిపనే గట్టి ఆధారమయింది. పండుగలకు దాతలకు కానుకగా పంపే మిఠాయి క్రమంగా బతుకుతెరువుగా మారింది. మన గుడులలో మాన్యాలు ప్రసాదాన్ని పోషించాయి. అక్కడ మాన్యాలు పోయినప్పుడు మిఠాయి మఠాన్ని పోషించింది. వీధులలో మిఠాయి అంగళ్ళు కూడా అదే రుచులను అందిపుచ్చుకున్నాయి. సెవిల్ నగరంలోని లా కంపానా అనే దుకాణం 1885 నుంచి నడుస్తున్నది. ఎస్తేపా పట్టణం పొడిపొడిగా రాలే పిండి మిఠాయిలకు, మెదీనా సిదోనియా పట్టణం తేనె, బాదం, సుగంధద్రవ్యాలు కలిపి చేసే అల్ఫహోర్‌కు ప్రసిద్ధి పొందాయి. మనకు బందరు, ఆత్రేయపురం ఎటువంటివో వారికి అవి అటువంటివి.

ఇంత దూరపు సీమతో మనకు సంబంధం ఏమిటని సందేహం కలగవచ్చు. సంబంధం తీపి పేరులోనే ఉంది. చెరకురసాన్ని కాచి పలుకులుగా మార్చే విద్య ప్రాచీన కాలంలో మన దేశంలో వృద్ధి చెందింది. సంస్కృతంలో ‘శర్కర’ అంటే మొదట గులకరాయి, ఇసుకపలుకు అని అర్థం. చెరకు పలుకులకు ఆ పేరే స్థిరపడింది. ఆ మాట ప్రాకృతం మీదుగా వచ్చి మనకు ‘చక్కెర’ అయింది. పడమటి దిక్కుగా సాగి పారశీకంలో ‘షకర్’, అరబ్బీలో ‘సుక్కర్’ అయింది. అరబ్బులు చెరకును మధ్యధరా సముద్రతీరానికి తీసుకుపోయినప్పుడు మాట కూడా వెంట వెళ్ళి స్పెయిన్‌లో ‘అథూకర్’గా నిలిచింది. తీపి దేశాలు తిరుగుతుంది. పేరు దానివెంట నడుస్తుంది. క్రీ.శ. 711 నుంచి 1492 వరకు స్పెయిన్‌లో ముస్లిం రాజ్యాలు ఉన్నాయి. బాదం, తేనె, చక్కెర కలిపే పద్ధతులు ఆ కాలంలో అక్కడ వేరూనాయి. రాజ్యాలు పోయినా రుచులు పోలేదు. క్రైస్తవ సన్యాసినులు ఆ రుచులనే తమవిగా చేసుకొని కాపాడారు. అల్ఫహోర్ అన్న పేరు కూడా అరబ్బీ నుంచి వచ్చినదే.

అదే అరబ్బీ, పారశీక పాకవిద్య తూర్పుదిక్కుగా వచ్చి మన హైదరాబాదులో మరొక రూపు దాల్చింది. హల్వా అన్న మాట అరబ్బీది. మొలకెత్తిన గోధుమల పాలు, ఆవుపాలు, నేయి కలిపి జాజికాయ వాసనతో చేసే జౌజీ హల్వా మొజంజాహి మార్కెట్ సమీపంలోని హమీదీ దుకాణం పేరుతో ముడిపడింది. దేశవిభజన కాలంలో సింధు ప్రాంతం నుంచి వలసవచ్చిన కుటుంబం అదే కూడలిలో 1953లో కరాచీ బేకరీని స్థాపించింది. ఊరు వదిలి వచ్చినవారు తమ ఊరి పేరును, తమ చేతి రుచిని వెంట తెచ్చుకున్నారు. నేడు ఊరు వదిలి నానక్‌రామ్‌గూడ చేరినవారు అరిసెల కోసం వెదకడంలో ఉన్నది ఆ మమకారమే.

ఇక మన ఊళ్ళవైపు చూద్దాం. గోదావరి డెల్టాలోని ఆత్రేయపురం పేరు చెప్పగానే పూతరేకులు గుర్తుకు వస్తాయి. ‘పూత’, ‘రేకు’ అన్న రెండు మాటలలోనే తయారీవిధానం ఉంది. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, నీళ్ళవలె పలుచని పిండిగా చేస్తారు. ఇందుకోసం ప్రత్యేకంగా చేయించిన కుండను బోర్లించి, పక్కనున్న నోటిగుండా ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పలుచని గుడ్డను పిండిలో ముంచి కాగిన కుండ వీపు మీద ఒక్కసారి పరచి లాగుతారు. రెప్పపాటులో పూత ఆరి, చూపు దూరేటంత పలుచని రేకుగా ఊడివస్తుంది. మంట తగ్గితే రేకు లేవదు, ఎక్కువైతే మాడుతుంది. చేయి తడబడితే చిరుగుతుంది. రేకుల మధ్య నేయి పూసి, చక్కెరపొడినో బెల్లపు తురుమునో చల్లి, మడిచి చుడతారు. ఈ పని చేసేవారు ప్రధానంగా స్త్రీలు. మంటకు ఎంత దగ్గరగా కూర్చోవాలో, గుడ్డను ఎంత వేగంతో లాగాలో చెప్పే పుస్తకం లేదు. తల్లి పక్కన కూర్చొని కూతురు, అత్త పక్కన కూర్చొని కోడలు నేర్చుకున్న విద్య ఇది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది.

బందరు లడ్డు చరిత్ర మరొక విధమైనది. బుందేల్‌ఖండ్ ప్రాంతం నుంచి వచ్చి మచిలీపట్నంలో స్థిరపడిన బొందిలీల ద్వారా ఈ మిఠాయి ఇక్కడికి వచ్చిందంటారు. శనగపిండిని పూసగా వత్తి నేతిలో వేయించి, ఆ పూసను రోట్లో వేసి దంచుతారు. జల్లించి పాకంలో కలిపి మళ్ళీ దంచుతారు. అందుకే దీనికి ‘తొక్కుడు లడ్డు’ అని పేరు. దంచినకొద్దీ మెత్తదనం వస్తుంది. 2017లో దీనికీ భౌగోళిక సూచిక దక్కింది. తాపేశ్వరంలో పోలిశెట్టి సత్తిరాజు మడతకాజాకు పేరు తెచ్చారు. పొరలు పొరలుగా మడిచిన పిండి పాకాన్ని ఎంత పీల్చుకోవాలో అంతే పీల్చుకోవడం అక్కడి పనితనం. కాకినాడ కాజాలో గొట్టంవంటి కడుపునిండా పాకం నిలిచి, కొరకగానే నోట జారుతుంది. సరుకులు దాదాపు అవే అయినా ఊరికొక రుచి పుట్టడానికి కారణం చేతివాటం.

ఈ ఊరి రుచులకు నగరంలో విపణి కల్పించినవారి కృషిని కూడా గుర్తించాలి. 1948లో కర్నూలులో జి.పుల్లారెడ్డి నేతి మిఠాయిల అంగడి ప్రారంభించారు. కల్తీలేని నేయి అన్న పేరే ఆయన పెట్టుబడి అయింది. ఆ వ్యాపారంలో గడించిన ధనంతో ఆయన విద్యాసంస్థలు నెలకొల్పారు. నారాయణమ్మ పేరున 1997లో హైదరాబాదు షేక్‌పేటలో స్థాపించిన ఇంజనీరింగు కళాశాల ప్రత్యేకంగా ఆడపిల్లల కోసం ఏర్పడినది. ఆ కళాశాలకు నానక్‌రామ్‌గూడ ఎంతో దూరం కాదు. మిఠాయి డబ్బు ఆడపిల్లల చదువుగా మారిందన్నమాట. పుల్లారెడ్డి 2007లో మరణించారు. మరొకవైపు, ఇంటి వంటలో నేర్పరులైన గృహిణులు అరిసెలు, జంతికలు, సున్నుండలు, పచ్చళ్ళు చేసి అమ్మసాగారు. ‘స్వగృహ’ అన్న సంస్కృతపదం ఆ విధంగా దుకాణాల పేరుగా తెలుగువారి వాడుకలోకి వచ్చింది. ఇంటి చాకిరిగా లెక్కకురాని పని, వెలగల పనిగా గుర్తింపు పొందింది. ఇది చిన్న మార్పు కాదు.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. 1999లో చేసిన భౌగోళిక సూచికల చట్టం ప్రకారం, ఒక ప్రాంతానికి చెందిన వస్తువు పేరును వేరొకచోటివారు వాడుకోకుండా అడ్డుకోవచ్చు. ఇది మేలైన రక్షణే. కాని పేరు నిలిచినంత మాత్రాన పని నిలుస్తుందా? సెవిల్ మఠాలలో కొత్తగా చేరే సన్యాసినులు తగ్గిపోతున్నారు. స్పెయిన్‌లో కొన్ని మఠాలు మూతపడ్డాయి. చివరి సన్యాసిని వెళ్ళిపోయిననాడు తోర్నో తిరగడం ఆగుతుంది. ఆమె చేతి కొలతలు కూడా ఆమెతోనే పోతాయి. మన పల్లెలలో పరిస్థితి వేరైనా ప్రమాదం ఒకటే. కొబ్బరాకుల పొగలో, కుండ వేడిమిలో గంటల తరబడి కూర్చున్న తల్లి తన కూతురు అదే పీట మీద కూర్చోవాలని కోరుకోకపోవచ్చు. కూతురు చదువుకొని నానక్‌రామ్‌గూడ మేడలో ఉద్యోగం చేయాలని కోరుకోవచ్చు. ఆ కోరిక న్యాయమైనది. సంప్రదాయం నిలవాలని చెప్పి ఒకరి బిడ్డను పొగలో కూర్చోబెట్టే హక్కు తినేవారికి లేదు.

మరి దారి ఏది? పని నిలవాలంటే పనిచేసేవారు గౌరవంగా బతకాలి. పెట్టెకు మనం చెల్లించే వెలలో రంగుకాగితానికి, రవాణాకు, దుకాణపు అద్దెకు పోగా రేకు తీసిన చేతికి తగిన భాగం చేరాలి. పొగ తగ్గించే పొయ్యిలు, గాలి ఆడే పనిపాకలు, నడుముకు నొప్పి కలగని ఆసనాలు రూపొందించడం మన ఇంజనీర్లకు అసాధ్యం కాదు. తిరుమల పోటుకు దిట్టం ఉన్నట్లే ప్రతి ఊరి తీపికీ కొలతలను, పద్ధతులను వ్రాసి, చిత్రించి భద్రపరచాలి. యంత్రం దంచవచ్చు, జల్లించవచ్చు, మోయవచ్చు. పాకం తీగ వచ్చిందో ముదిరిందో వేలితో తెలుసుకొనే జ్ఞానం మాత్రం మనిషినుంచి మనిషికి అందవలసిందే. నేర్చుకోవడం లాభసాటి అయితే నేర్చుకొనేవారు ఉంటారు; కొడుకులు కూడా ఆ పీట మీద కూర్చుంటారు. పేరును చట్టం కాపాడుతుంది. చేతిని కాపాడవలసింది మనం.

శర్కర అన్న చిన్నమాట మన దేశం నుంచి అందలూసియాదాకా ప్రయాణం చేసింది. ఆ మాటను ఏ రాజూ సైన్యంతో పంపలేదు. వండేవారు, అమ్మేవారు, వలసపోయేవారు నోటినుంచి నోటికి, చేతినుంచి చేతికి అందించారు. వారిలో ఒక్కరి పేరైనా మనకు తెలియదు. గతంలోని చేతులను తెలుసుకోవడం మన శక్తికి మించినది. కాని నేటి చేతులు మన కళ్ళముందే ఉన్నాయి. వాటిని తెలుసుకోకపోతే అది మన ఉపేక్షే అవుతుంది. ఈసారి పండుగకు తీపి కొన్నప్పుడు అది ఏ ఊరిదో చదవండి. ఆ ఊళ్ళో దాన్ని ఎవరు చేస్తారో, ఎలా చేస్తారో, వారికి ఏమి ముడుతుందో అడగండి. మీ ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో చేతనైన పిండివంట ఒకటి తప్పక ఉంటుంది. ఆమె పక్కన కూర్చొని దాన్ని నేర్చుకోండి, కొలతలు వ్రాసుకోండి. తీపిని ఆస్వాదించడం రసజ్ఞత. దాని వెనుక ఉన్న శ్రమను గుర్తించడం సంస్కారం.

కఠిన పదాలకు అర్థాలు

పూర్వాపరాలు = ముందువెనుకలు, పూర్తి వివరాలు
పురుడు = ప్రసవం
సారె = పుట్టింటివారు ఆడపిల్లకు ఇచ్చి పంపే వస్తువులు
పాశురం = ఆళ్వారులు రచించిన ద్రవిడ భక్తి పద్యం
ఆశ్వాసం = ప్రబంధంలోని అధ్యాయం
పూటకూళ్ళ ఇల్లు = డబ్బు తీసుకొని భోజనం పెట్టే ఇల్లు
రూక = పూర్వకాలపు నాణెం
మాన్యం = దేవాలయాలకు, మఠాలకు, పండితులకు ఇచ్చిన భూమి
తేర్చడం = మడ్డి దిగేటట్లు చేసి శుభ్రపరచడం
విపణి = అంగడి, వ్యాపారస్థలం
ఉపేక్ష = పట్టించుకోకపోవడం
రసజ్ఞత = రుచిని, సౌందర్యాన్ని గుర్తించే నేర్పు

అభ్యాసం

అ. ఈ కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.

1. తిరుమలలో ప్రసాదాలు తయారయ్యే వంటశాలను ఏమంటారు?
2. సంస్కృతంలో ‘శర్కర’ శబ్దానికి మొదటి అర్థం ఏమిటి?
3. బందరు లడ్డుకు ‘తొక్కుడు లడ్డు’ అన్న పేరు ఎందుకు వచ్చింది?
4. ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక సూచిక గుర్తింపు ఏ సంవత్సరంలో లభించింది?

ఆ. ఈ కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.

1. పూతరేకుల తయారీవిధానాన్ని వివరించండి.
2. అందలూసియా మఠాలకు, మన దేవాలయాలకు తీపి విషయంలో గల పోలికలను, భేదాలను తెలపండి.
3. ‘శర్కర’ అన్న మాట సాగించిన ప్రయాణాన్ని వ్రాయండి.

ఇ. ఈ కింది ప్రశ్నకు వ్యాసరూప సమాధానం వ్రాయండి.

1. సంప్రదాయ మిఠాయిల తయారీ నిలవాలంటే ఏమి చేయాలని వ్యాసకర్త సూచించారు? ఆ సూచనలతో మీరు ఏకీభవిస్తారా? కారణాలతో చర్చించండి.

ఈ. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.

1. పెట్టె మీద ఊరి పేరు ఉంటుంది. చేసిన చేతి పేరు ఉండదు.
2. తీపి దేశాలు తిరుగుతుంది. పేరు దానివెంట నడుస్తుంది.
3. పేరును చట్టం కాపాడుతుంది. చేతిని కాపాడవలసింది మనం.

ఉ. సంధులు

దేవాలయం = దేవ + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
జీవనోపాధి = జీవన + ఉపాధి – గుణ సంధి
ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశ సంధి
మిఠాయిలెన్నో = మిఠాయిలు + ఎన్నో – ఉకార సంధి

ఊ. సమాసాలు

పూతరేకు – పూతతో చేసిన రేకు – తృతీయా తత్పురుష సమాసం
వంటశాల – వంట కొరకు శాల – చతుర్థీ తత్పురుష సమాసం
మధురాన్నం – మధురమైన అన్నం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
యువతీయువకులు – యువతులును, యువకులును – ద్వంద్వ సమాసం

ఋ. భాషాకార్యం

మీ ప్రాంతంలో ప్రసిద్ధమైన ఒక పిండివంటను ఎంచుకొని, దానిని చేసేవారిని కలిసి, సరుకులు, కొలతలు, పద్ధతి, వాడే పనిముట్ల పేర్లు, వారు ఆ పనిని ఎవరివద్ద నేర్చుకున్నారు అన్న వివరాలు సేకరించి రెండు పుటలలో వ్రాయండి.